ఖాళీగా వెళ్లకూడని ప్లేటు

ప్లేటు మళ్లీ వచ్చింది.

ఆసిమీనా ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి వంటింటి బల్ల మధ్యలో దర్జాగా కూర్చుని ఉంది. తెల్లటి కోలప్లేటు. చుట్టూ నీలం గీత. ఒక పక్క ఎవరో కొరికినట్టు చిన్న పెచ్చు ఊడిపోయి ఉంటుంది. దాని నిండా రవాని అనే రవ్వకేకు ముక్కలు, పాకం కారుతూ. ఎదురుగా ఆవిడ భర్త స్ట్రాటోస్ బనీనుతో కూర్చుని పేపరు చదువుతున్నాడు. చదవడం అబద్ధం. మీసానికి రవ్వ అంటుకుని ఉంది.

"పైనుంచి వచ్చిందా?" అంది ఆసిమీనా.

"మరి కిందనుంచి వస్తుందా."

"తలుపు ఎందుకు తీశావ్?"

"బెల్లు కొట్టింది."

"బెల్లు కొడితే తీసెయ్యడమేనా? ఇంట్లో లేనట్టు ఊరుకోలేవూ?"

"టీవీ మోగుతోంది కదే. టీవీ ఒక్కటే ఇంట్లో ఉందనుకుంటుందా?"

ఆసిమీనా చేతిసంచీ కింద పెట్టి, చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. ఆగస్టు ఇరవై రెండు. బయట నలభై డిగ్రీలు. వోలోస్ ఊళ్లో సముద్రం కూడా చెమట పట్టినట్టే కనిపిస్తోంది.

ఆ ఊళ్లో రెండు చట్టాలున్నాయి. ఒకటి పార్లమెంటు చేసింది, దాన్ని ఎవరూ పాటించరు. రెండోది ఎవరు చేశారో తెలియదు, దాన్ని అందరూ పాటిస్తారు. పక్కింటి నుంచి నిండుగా వచ్చిన ప్లేటు ఖాళీగా వెనక్కి వెళ్లకూడదు. అంతే. శిక్ష ఏమిటని ఎవరూ అడగరు. ఖాళీగా పంపినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి శిక్ష వేసే అవకాశం ఇంతవరకు రాలేదు.

నాలుగో అంతస్తులో ఉండే పొలిక్సేని ఈ భవనంలోకి వచ్చి పదకొండేళ్లయింది. వచ్చిన కొత్తలో పరిచయం కోసమని ఈ ప్లేటు నిండా గలక్తోబూరికో తెచ్చింది. కాగితమంత పల్చటి పొరల మధ్య పాలూ రవ్వా కలిపి గట్టిపరిచిన మీగడ, పైన పాకం. ఆసిమీనా వారం ఆగి, అదే ప్లేటులో అక్రోటు కేకు పెట్టి పైకి పంపింది. పది రోజులకు ప్లేటు బక్లావాతో దిగింది. ఆ తర్వాత ఎక్కడమూ దిగడమూనే. క్రిస్మస్‌కు తేనెలో ముంచిన బిస్కట్లు ఎక్కాయి, పంచదార పొడి పూసిన కురబియేలు దిగాయి. ఈస్టరుకు జడల్లా అల్లిన బిస్కట్లు ఎక్కాయి. ఉపవాసాలొస్తే వెన్నా గుడ్డూ లేని హల్వా దిగింది. పదకొండేళ్లలో లిఫ్టు ఆరుసార్లు చెడిపోయింది. ప్లేటు ఒక్కసారీ ఆగలేదు.

దీనికి ఉపచట్టాలు కూడా ఉన్నాయి. వచ్చిన తీపినే తిరిగి పంపకూడదు. వచ్చినదానికంటే చిన్న ముక్కలు కొయ్యకూడదు. కొట్లో కొన్నది పెట్టకూడదు. ఈ మూడోది ఆసిమీనా ఒకే ఒక్కసారి తప్పింది. అమ్మకు ఆపరేషనై లారిసా ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు, బజార్లో కతైఫీ మిఠాయి కొని, పొట్లం చించి, ప్లేటులో కొంచెం వంకరగా, చేత్తో చేసినట్టు సర్ది పైకి తీసుకెళ్లింది. పొలిక్సేని ప్లేటు అందుకుని, ఒక్క క్షణం చూసి, "ఒంట్లో బాగోలేదా కిరియా ఆసిమీనా?" అని అడిగింది. అంతే అడిగింది. ఆ ప్రశ్న తలుచుకుంటే ఆసిమీనాకు ఈరోజుకీ చెవులు వేడెక్కుతాయి.

ఇక తినేవాళ్ల సంగతి. పిల్లలు లేరు. స్ట్రాటోస్‌కు సుగర్ నూట ఎనభై. డాక్టరు తీపి మానెయ్యమంటే, "నేను మానేస్తాను డాక్టర్, పైవాళ్లు మానరు" అన్నాడు. ఆసిమీనాకు యాభై తొమ్మిది. పొద్దున్నుంచి మూడింటిదాకా పురపాలక నీటి శాఖలో ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చుంటుంది. నీళ్లు రావడం లేదని కొందరు, ఎక్కువ వస్తున్నాయని కొందరు. ఇంటికొచ్చాక నడుం పట్టేసి, కాళ్లు బరువెక్కి, పొయ్యి ముందు నిలబడి పాకం పట్టాలి. పాకం వేడిగా ఉంటే కేకు చల్లగా ఉండాలి. కేకు వేడిగా ఉంటే పాకం చల్లగా ఉండాలి. రెండూ వేడైతే మెత్తబడి జావైపోతుంది. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో ఏదో ఒకటి చల్లారడం కోసం ఆవిడ మేలుకుని ఉంటూనే ఉంది.

ఇరవై ఎనిమిది నుంచి పది రోజులు సెలవు. ఎక్కడికీ వెళ్లదు. బాల్కనీలో నారకుర్చీ ఉంది. అందులో కూర్చోవాలి. అంతకుమించి ఆవిడకు కోరికల్లేవు. ఆ కుర్చీకీ ఆవిడకూ మధ్య ఉన్నది ఈ ప్లేటొక్కటే. ఇది పైకి వెళ్తే, సరిగ్గా సెలవు మొదలయ్యేనాటికి మళ్లీ దిగుతుంది. దిగితే పొయ్యి వెలిగించాలి.

రవాని అయిపోయింది. ఆసిమీనా ప్లేటు కడిగి, తుడిచి, కాసేపు చేతుల్లో పట్టుకుని నిలబడింది. తర్వాత పడగ్గదిలోకి వెళ్లి, అలమరా పై అరలో చలికాలం దుప్పట్ల వెనక్కి తోసేసింది. తలుపు మూసింది. నడుంనొప్పి సగం తగ్గినట్టనిపించింది.

రెండు రోజుల తర్వాత లిఫ్టులో పొలిక్సేని ఎదురైంది. అరవై నాలుగేళ్ల మనిషి, నోటరీ ఆఫీసులో టైపిస్టుగా రిటైరైంది. భర్త పోయి చాలాకాలమైంది. ఎప్పుడూ ఇస్త్రీ చేసిన బ్లౌజు, మెళ్లో చిన్న ముత్యాల దండ. చెత్తబుట్ట ఖాళీ చెయ్యడానికి కూడా ఆ దండతోనే దిగుతుంది.

ఆసిమీనా రెండు రోజులుగా కంఠతా పట్టిన మాట అప్పజెప్పింది.

"కిరియా పొలిక్సేని, మీకు మొహం చూపించలేకపోతున్నానండీ. ప్లేటు కనబడటం లేదు."

"ఏ ప్లేటు?"

"ఆ ప్లేటేనండీ. ఇల్లంతా వెతికాను. మంచం కింద కూడా చూశాను."

పొలిక్సేని మొహం పాలిపోయింది. లిఫ్టు గోడకు చెయ్యి ఆనించింది. 'పోనిద్దురూ, ప్లేటేగా' అంటుందని ఆసిమీనా ఎదురుచూసింది. ఆ మాట అనేస్తే పదకొండేళ్ల కథ అక్కడితో సరి. పొలిక్సేని అనలేదు. లిఫ్టు రెండో అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకుంది.

"దిగులుపడకండి," అంది పొలిక్సేని. "ఎల్లుండి సాయంత్రం పునీత ఫనూరియోస్ పూజ. నేను ఫనూరోపిటా కేకు చేస్తాను. పోయిన వస్తువుల్ని చూపించేది ఆయనేగా."

తలుపు మూసుకుంది.

ఆసిమీనా ఇంట్లోకొచ్చి స్ట్రాటోస్‌కు చెప్పింది, దాచిన సంగతి తప్ప. ఆయన పేపరు దించాడు.

"పోగొట్టింది నువ్వు. కేకు చేసేది ఆవిడా?"

"ఆవిడ చేస్తానంది."

"ఆవిడ మర్యాదకు అంటుంది. నువ్వు సరేనని ఊరుకుంటావా? ఎల్లుండి చర్చిలో ఫాదరు పేరు చదువుతాడు, పొలిక్సేని అని. ఏం పోయిందమ్మా అని అందరూ అడుగుతారు. నా ప్లేటు పోయింది, కిందింటావిడ పోగొట్టింది, అంటుంది. మరి ఆవిడ ఏం చేసింది అంటారు. ఏం చేసింది? ఏం చెయ్యలేదు. నేను కాఫీ హోటల్‌కి వెళ్లాలా వద్దా?"

"నీకు కేకు కావాలని చెప్పరాదూ సూటిగా?"

"అదీ ఉంది," అన్నాడు స్ట్రాటోస్.

ఆ విధంగా, పొయ్యి వెలిగించకుండా తప్పించుకోవడానికి ప్లేటు దాచిన ఆసిమీనా, ఆ ప్లేటు దొరకాలని దేవుడికి కేకు చెయ్యడం కోసం ఇరవై ఆరో తారీఖున ఆఫీసు నుంచి వచ్చి పొయ్యి వెలిగించింది. బయట నలభై ఒకటి.

ఫనూరోపిటాకు గుడ్డు పనికిరాదు, వెన్న పనికిరాదు. వేసే దినుసులు ఏడన్నా ఉండాలి, తొమ్మిదన్నా, పదకొండన్నా. సరిసంఖ్య వస్తే సాధువు పలకడు. ఉప్పు లెక్కలోకి వస్తుందా రాదా అని ఊళ్లో రెండు వర్గాలున్నాయి. ఆసిమీనా తల్లి రాదనే వర్గం. ఆసిమీనా అసలు గొడవే లేకుండా ఉప్పు మానేసింది. మైదా, పంచదార, ఆలివ్ నూనె, నారింజ రసం, అక్రోట్లు, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క, లవంగాల పొడి, వంటసోడా. వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టింది. తొమ్మిది. బాగానే ఉంది. చేతులు అలవాటుకొద్దీ కదులుతున్నాయి, బుర్ర ఎప్పుడో నిద్రపోయింది. అలమరా తెరిచి, సీసా మూత తీసి, కేకులన్నిటికీ వేసినట్టే దీనికీ ఒక చిన్న గ్లాసు బ్రాందీ పోసేసింది. కలిపేసింది కూడా. అప్పుడు గుర్తొచ్చింది.

పది.

గిన్నెలోకి చూస్తూ నిలబడింది. పిండిలోంచి బ్రాందీ వెనక్కి తియ్యడం ఏ సాధువు వల్లా కాదు. నిజానికి ఇదే మంచిదేమో అనుకుంది. పది వేస్తే ఆయన పలకడు. పలక్కపోతే ప్లేటు దుప్పట్ల వెనకే ఉంటుంది. కానీ తెలిసి తెలిసి సాధువు మొహాన సరిసంఖ్య కొట్టడానికి చెయ్యి రాలేదు. అబద్ధం చెప్పింది పైయింటావిడతో. దేవుడితో కూడా ఎందుకులే అని, పైన గుప్పెడు నువ్వులు చల్లింది. పదకొండు.

కేకు కాలుతుండగా సాధువు తల్లి కోసం ప్రార్థన చెయ్యాలి. ఆవిడ మహా పిసినారి అట. బతికినంతకాలం ఎవరికీ గింజ విదల్చలేదట. ఆవిడ పాపాలు క్షమించమని వేడుకుంటే కొడుకు సంతోషించి పోయిన వస్తువు చూపిస్తాడు. ఆసిమీనా పొయ్యి ముందు స్టూలు మీద కూర్చుని, చెమట తుడుచుకుంటూ, ఆ తల్లి కోసం మూడుసార్లు మనస్ఫూర్తిగా ప్రార్థించింది. ఎవరికీ ఏమీ పెట్టలేదు. కాబట్టి ఎవరి ప్లేటూ ఆవిడ ఇంటికి వచ్చి ఉండదు. ఎంత హాయిగా బతికిందో మహాతల్లి.

చర్చిలో పెద్ద బల్లమీద నలభైకి పైగా కేకులు బారులు తీరి ఉన్నాయి. ఒక్కోదానిమీద చిన్న కొవ్వొత్తి, పేరు రాసిన కాగితం. తాళాలు పోయినవాళ్లు, ఉంగరం పోయినవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు, అసలు ఇంకా దొరకని పెళ్లికొడుకు కోసం వచ్చినవాళ్లు. పొలిక్సేని ముత్యాల దండతో వచ్చింది. తన కేకును ఆసిమీనా కేకు పక్కన పెట్టింది. రెండూ ఒకే ఎత్తున పొంగాయి. ఇద్దరూ అది గమనించి, గమనించనట్టు ఊరుకున్నారు.

పూజ అయ్యాక కేకులు కోస్తుంటే, వాళ్ల భవనంలోనే కింద అంతస్తులో ఉండే జహరూలా చేతికర్ర టకటకలాడిస్తూ వచ్చింది. ఎనభై నాలుగేళ్ల మనిషి. మోకాళ్లు తప్ప అన్నీ పనిచేస్తాయి, నోరు మరీ ఎక్కువ.

"ఏం అమ్మాయిలూ, ఇద్దరూ ఒకేసారి పోగొట్టుకున్నారా? ఏం పోయిందే?"

"ప్లేటండీ కిరియా జహరూలా," అంది పొలిక్సేని.

"ప్లేటా! ప్లేటుకి సాధువునా! నేను మా ఆయన పళ్లసెట్టు పోయినప్పుడు కూడా ఆయన్ని లేపలేదే. ఏం, వెండిదా?"

"మామూలుదేనండీ. తెల్లది, కోలగా ఉంటుంది."

"నీలం గీత?"

"అవును."

"ఒక పక్క పెచ్చు?"

ఆసిమీనా గబుక్కున ఇటు తిరిగింది. "మీకెలా తెలుసండీ?"

"నా ప్లేటు నాకు తెలీదుటే! ఆ పెచ్చు మా ఆయన కొట్టిందే, అక్రోటు పగలగొడుతూ." జహరూలా కర్ర నేలకేసి కొట్టింది. "పదకొండేళ్లయింది. మా ఆయన పోయిన నలభయ్యో రోజుకి ప్రసాదం చేసి, నాలుగో అంతస్తులో కొత్తగా దిగినావిడకు పంపాను. మోకాళ్లు సహకరించక, పైన కాగితం చుట్టి నీ చేతికే ఇచ్చాను కాదుటే ఆసిమీనా, మెట్ల దగ్గర? మళ్లీ తిరిగి రాలేదు. ప్లేటు కోసం అడగడం ఏం బాగుంటుంది, కొత్తమనిషి, ఖాళీగా ఇవ్వడానికి సిగ్గుపడుతోందేమో అని ఊరుకున్నా. పదకొండేళ్లు సిగ్గుపడుతుందని నేననుకోలేదు."

చుట్టూ జనం కేకు ముక్కలు పంచుకుంటున్నారు.

"మీ తలుపు దగ్గర పెట్టి వచ్చేశాను," అంది ఆసిమీనా మెల్లగా, పొలిక్సేనితో. "కాగితం కింద ఏ ప్లేటుందో నేను చూడలేదు."

"ఎవరు పెట్టారని అడిగితే రెండో అంతస్తావిడ అన్నారు," అంది పొలిక్సేని. "మీదేననుకుని నింపి తెచ్చాను."

"మీరు తెచ్చారు కాబట్టి మీదే అనుకున్నాను."

"అయితే పదకొండేళ్లూ..."

"ఎవరి ప్లేటు వాళ్లకి తిరిగివ్వాలనే కదండీ."

"మరి నా ప్లేటు ఎప్పుడిస్తారమ్మా?" అంది జహరూలా.

చర్చి నుంచి ఇంటికి నడిచి వస్తుంటే ఇద్దరి చేతుల్లోనూ కేకు మిగులు, మీద కాగితం కప్పి. సముద్రం వైపు నుంచి గాలి లేదు. బేకరీ మలుపు దాకా వచ్చారు. పదకొండేళ్లలో వాళ్లిద్దరూ ఇంతసేపు కలిసి ఉండటం ఇదే మొదలు. ఇంతకాలం మాట్లాడింది గుమ్మంలోనే, మధ్యలో ప్లేటు పెట్టుకుని.

"మీరు ప్లేటు పోయిందన్నారే, లిఫ్టులో," అంది పొలిక్సేని. "పైకెళ్లి ఏడ్చానండీ."

ఆసిమీనా కంగారుగా అంది: "క్షమించండి. నేను..."

"సంతోషంతో."

ఆసిమీనా ఆగిపోయింది.

"నేనొక్కదాన్ని ఉంటాను కిరియా ఆసిమీనా. మీరు పన్నెండు ముక్కలు పంపుతారు. ఎవరు తినాలండీ? నా ఫ్రీజరు తెరిస్తే మూసుకోదు. తారీఖులు రాసి పెట్టాను. రెండేళ్ల కిందటి బక్లావా కూడా ఉంది. చేతులకు వాతం. పొరలు పరుస్తుంటే వేళ్లు వంకర్లు పోతాయి. పోయిందని మీరనగానే, అమ్మయ్య, అనిపించింది. అలా అనిపించినందుకు మళ్లీ సిగ్గేసింది. పాపం చేసినట్టనిపించి, కేకు చేస్తానన్నాను."

"చేశారుగా."

పొలిక్సేని ముత్యాల దండ సరిచేసుకుంది. "పది వేశాను."

"ఏంటండీ?"

"దినుసులు. లెక్కపెట్టి మరీ పది వేశాను. ఆయన పలకకూడదని." కొంచెం ఆగి అంది: "మీరెన్ని వేశారు?"

"పదకొండు," అంది ఆసిమీనా. జీవితంలో ఏ సంఖ్య చెప్పడానికీ అంత నామోషీ పడలేదు.

"ఓహో," అంది పొలిక్సేని. "అయితే మీదే పనిచేస్తుందన్నమాట."

ఇంటికెళ్లి ఆసిమీనా దుప్పట్ల వెనకనుంచి ప్లేటు తీసింది. పొలిక్సేని మొదటిసారి గుమ్మం దాటి లోపలికొచ్చి, పడగ్గది తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"దొరికిందండీ," అంది ఆసిమీనా, గోడవైపు తిరిగి. "దుప్పట్ల వెనక ఉంది."

"దుప్పట్ల వెనకా?"

"అవునండీ."

"ఉన్ని దుప్పట్లు."

"అవునండీ."

"ఆగస్టులో."

ఆసిమీనా ప్లేటును స్కర్టు అంచుతో తుడవడం మొదలెట్టింది. అది ముందే శుభ్రంగా ఉంది. పొలిక్సేని చాలాసేపు ఆవిడ వీపునే చూసింది.

"సాధువు మహిమ," అంది చివరికి.

"మహిమేనండీ."

ప్లేటు జహరూలాకు ఇచ్చెయ్యాలి. ఖాళీగా ఇవ్వడానికి వీల్లేదు. ఆ విషయం ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు, అనక్కర్లేదు. ఎలాగూ ఆచారం ప్రకారం ఈ కేకును ఏడిళ్లకు పంచాలి. పొలిక్సేని కేకు నుంచి నాలుగు ముక్కలు, ఆసిమీనా కేకు నుంచి నాలుగు ముక్కలు ప్లేటులో సర్దారు. పది దినుసులవి ఒక పక్క, పదకొండువి ఒక పక్క. స్ట్రాటోస్ చెయ్యి చాపితే ఇద్దరూ ఒకేసారి కొట్టారు.

కింద జహరూలా తలుపు తీసింది. ప్లేటు అందుకుని, పెచ్చు మీద బొటనవేలు పెట్టి రుద్దింది.

"లోపలికి రండే. ప్లేటు ఖాళీ చేసి ఇస్తా..." అని, ఆగి, తనే అంది. "ఎవరికిస్తాను? నాదేగా."

లోపలికెళ్లి ముక్కలు ఇంకో పళ్లెంలో ఒంపింది. ప్లేటు కడిగింది. తుడిచింది. స్టూలు ఎక్కకుండా కర్రతోనే మిగతా సామాన్లు పక్కకు జరిపి, అద్దాల బీరువాలో నిలబెట్టింది, వాళ్లాయన ఫోటో పక్కన. బీరువాకు తాళం వేసింది. తాళం వేసిన చప్పుడు ఇద్దరూ శ్రద్ధగా విన్నారు.

ఇరవై ఎనిమిదిన సెలవు మొదలైంది. ఆసిమీనా నారకుర్చీలో కూర్చుంది. మొదటిరోజు ఏదో మర్చిపోయినట్టు రెండుసార్లు లేచి వంటింట్లోకి వెళ్లి, ఎందుకొచ్చిందో తెలియక నీళ్లు తాగి వచ్చింది. రెండోరోజు ఒకసారే లేచింది. మూడోరోజు సాయంత్రం బెల్లు మోగింది.

"తియ్యనా?" అన్నాడు స్ట్రాటోస్, హాల్లోంచి. రవాని రోజు తిట్లు తిన్నాక తలుపు తియ్యాలంటే ఆయనకు భయం పట్టుకుంది.

ఆసిమీనాయే వెళ్లి తీసింది. పొలిక్సేని. ఇస్త్రీ బ్లౌజు లేదు, ఇంట్లో వేసుకునే గౌను. మెళ్లో దండ లేదు. ఆసిమీనా ముందుగా ఆవిడ చేతులకేసి చూసింది. పొలిక్సేని రెండు అరచేతులూ తిప్పి చూపించింది, చెకింగ్ దగ్గర చూపించినట్టు.

"ఏమీ తేలేదండీ," అంది.

"రండి."

"ఏమీ పెట్టకండి."

"లేదండీ. ఏమీ లేదు కూడా."

బాల్కనీలో రెండో కుర్చీ వేసింది. ఇద్దరికీ చల్లటి నీళ్లు తెచ్చింది. పొలిక్సేని చెప్పులు విప్పి, కాళ్లు కటకటాల మీద పెట్టింది. ఉబ్బిన కాళ్లు. ఆసిమీనా కూడా పెట్టింది. ఏదైనా మాట్లాడాలేమోనని ఇద్దరూ కాసేపు ఆలోచించారు. పదకొండేళ్లుగా 'అయ్యో ఎందుకు శ్రమపడ్డారు' తప్ప ఇద్దరి మధ్యా వేరే మాట లేదు. అది ఇప్పుడు పనికిరాదు.

"నడుం ఎలా ఉందండీ?" అంది పొలిక్సేని.

"అలాగే ఉంది. మీ వేళ్లు?"

"అలాగే ఉన్నాయి."

ఇద్దరూ కుర్చీల్లో వెనక్కి జారబడ్డారు.

అరగంటకు స్ట్రాటోస్ వచ్చి చూస్తే, ఇద్దరూ తలలు వెనక్కి వాల్చి, నోళ్లు కొంచెం తెరిచి నిద్రపోతున్నారు. ఆయన చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తెరిచాడు. పై అర చూశాడు, కింది అర చూశాడు, తలుపు అర చూశాడు. కాసేపు ఆ చల్లగాలికి నిలబడ్డాడు. ఆ తర్వాత ఒక దోసకాయ తీసి, ఉప్పు రాసుకుని, నిలబడే తిన్నాడు.